చేయి తగలని రాయి

1864 మే 14, రాత్రి ఎనిమిది గంటల వేళ. దక్షిణ ఫ్రాన్సు ఆకాశంలో ఉన్నట్టుండి ఒక అగ్గిబంతి దూసుకొచ్చింది. వెలుగు మాయమయ్యాక ఫిరంగులు పేలినట్టు చప్పుళ్లు వినిపించాయి. మోంటోబాన్ పట్నానికి దగ్గర్లోని ఓర్గేయ్ అనే పల్లె చుట్టుపక్కల నల్లటి రాళ్లు రాలాయి. ఊళ్లవాళ్లు ఏరి తెచ్చినవి సుమారు ఇరవై. తీరా చేతిలోకి తీసుకుంటే అవి రాళ్లలా లేవు. చాకు పెడితే తెగుతున్నాయి. కాగితం మీద గీస్తే పెన్సిలులా గీత పడుతోంది. నీళ్లలో వేస్తే విడిపోయి నల్లటి బురద అవుతోంది.

ఆ రాళ్లలో ఒకటి మోంటోబాన్ మ్యూజియంలో గాజు జాడీలోకి చేరింది. మూత బిగించి సీలు వేశారు. దాన్ని విప్పి చూసింది 98 ఏళ్ల తర్వాత. అప్పుడు బయటపడిన సంగతి, ఆకాశం నుంచి రాలిన రాళ్లలో సేంద్రియ పదార్థాన్ని వెతికేవాళ్లందరికీ మరిచిపోలేని పాఠమైంది.

ఆ వెతుకులాట వయసు రెండు వందల ఏళ్ల పైమాటే. ప్రాణానికి ముడిసరుకైన అణువులు భూమి మీదే పుట్టాయా, భూమి పుట్టకముందే ఎక్కడో తయారై ఉన్నాయా అన్నది దాని వెనకున్న పెద్ద ప్రశ్న. కానీ ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లాలంటే ముందు ఇంకో చిన్న ప్రశ్న దాటాలి. రాయిలో కనిపించిన ఈ పదార్థం రాయితోపాటు వచ్చిందా, రాయిని ముట్టుకున్న చేతి నుంచి అంటుకుందా? ఈ విద్య చరిత్రలో సగానికి పైగా ఈ చిన్న ప్రశ్నతో పెనుగులాటే.

బెర్జీలియస్ సందేహం

ఆకాశం నుంచి రాళ్లు పడతాయన్న మాటను పండితులు నమ్మడమే అప్పటికి కొత్త. పల్లెజనం కళ్లారా చూశామని మొత్తుకున్నా చాలాకాలం ఎవరూ చెవిన పెట్టలేదు. అవి భూమికి అవతలి నుంచి వస్తున్నాయని 1794లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్నస్ట్ క్లాద్నీ పుస్తకం రాస్తే ఒప్పుకున్నవాళ్లు తక్కువ. 1803 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని లేగ్ల్ ఊరి మీద పట్టపగలు వేల రాళ్లు కురిశాయి. ప్రభుత్వం పంపగా వెళ్లిన యువ శాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ బియో ఊరూరూ తిరిగాడు. సాక్షులను విచారించి, రాళ్లు పడిన చోట్లను పటంలో గుర్తించి నివేదిక ఇచ్చాడు. దాంతో వాదన సద్దుమణిగింది.

మూడేళ్లు తిరక్కుండానే, 1806 మార్చి 15న, దక్షిణ ఫ్రాన్సులోని అలేస్ దగ్గర మరో ఉల్కాశిల పడింది. బరువు సుమారు 6 కిలోలు. అంతవరకు చూసినవి చాలామటుకు ఇనుము కలిసిన గట్టి రాళ్లు. ఇది నల్లగా, పెళుసుగా ఉంది. లూయీ జాక్ తెనార్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని పరీక్షించి, ఇందులో కర్బనం ఉందని అదే ఏడాది ప్రకటించాడు. ఆకాశపు రాయిలో బొగ్గు కనిపించడం అదే మొదలు.

ఆ రాతి ముక్క ఒకటి స్వీడన్‌లో యాకబ్ బెర్జీలియస్ చేతికి వచ్చింది. మూలకాలకు ఈనాటికీ మనం వాడే అక్షర సంకేతాలు పెట్టింది ఆయనే. ప్రోటీన్ అన్న పేరు సూచించిందీ ఆయనే. 1834లో ఆయన ఈ రాతిని నీటిలో నానబెట్టి, వేడి చేసి, వచ్చిన వాయువులను పట్టి చూశాడు. మట్టి ముద్దలా విడిపోయింది. లోపల నీరు ఉంది, కర్బనం ఉంది. చెట్టూచేమా కుళ్లిన నేలలో దొరికే హ్యూమస్ లాంటిది ఇందులోనూ ఉందా, ఉంటే వేరే గోళాల మీదా ప్రాణం ఉందనుకోవాలా అన్న ప్రశ్న ఆయనకు వచ్చింది. కానీ తొందరపడలేదు. కర్బనం ఉన్నంత మాత్రాన అక్కడ జీవులున్నాయని చెప్పలేమని నిలకడగా రాశాడు. ఆ నిలకడ తర్వాతి వాళ్లలో అందరికీ లేకపోయింది.

బెర్జీలియస్ శిష్యుడు ఫ్రెడరిక్ వోలర్ కథ చూడండి. జంతువుల శరీరంలో మాత్రమే తయారవుతుందనుకున్న యూరియాను 1828లో ఆయన గాజు పాత్రలో తయారుచేశాడు. సేంద్రియ పదార్థానికి ప్రాణం తప్పనిసరి కాదని చూపించిన ప్రయోగంగా రసాయన శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఈనాటికీ ఉన్నది అదే. ముప్పై ఏళ్ల తర్వాత అదే వోలర్ చేతికి రెండు నల్ల ఉల్కాశిలలు వచ్చాయి. ఒకటి 1857లో హంగరీలోని కాబాలో పడింది, రెండోది 1838లో దక్షిణాఫ్రికాలోని కోల్డ్ బొక్కెవెల్డ్‌లో పడింది. సారాయిలో నానబెడితే మైనంలాంటి, తారులాంటి పదార్థం దిగింది. ఇది ప్రాణుల నుంచి తప్ప మరో దారిలో పుట్టదని ఆయన తేల్చాడు. యూరియా పాఠం చెప్పినవాడికే ఆ పాఠం ఆకాశపు రాయి దగ్గర గుర్తుకు రాలేదు.

ఓర్గేయ్ రాళ్లు పడ్డాక ఆ నమ్మకం ఇంకా బలపడింది. ఫ్రాన్సువా క్లోయెజ్ వాటిలోని నల్ల పదార్థాన్ని విడదీసి చూస్తే, అది మొక్కలు కుళ్లి ఏర్పడే పీట్‌ను, లిగ్నైటును పోలి ఉంది. 1868లో మార్సెలిన్ బెర్తలో దానికి హైడ్రోజన్ ఎక్కించి, బొగ్గు నుంచి వచ్చే నూనెల్లాంటి హైడ్రోకార్బన్లు రాబట్టాడు. భూమి మీద బొగ్గంటే పురాతన అడవి. మరి ఆకాశపు బొగ్గంటే ఏ అడవి?

జాడీలో గింజలు

ఆ ప్రశ్న దాదాపు వందేళ్లు అలాగే ఉండిపోయింది. ఈలోగా ఇంకో వైపు పని సాగింది. ప్రాణం పుట్టకముందే భూమి మీద సేంద్రియ అణువులు పోగుపడి ఉంటాయని 1920లలో రష్యాలో ఒపారిన్, ఇంగ్లండులో హాల్డేన్ విడివిడిగా ప్రతిపాదించారు. ఆ హాల్డేనే తర్వాత భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. 1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే విద్యార్థి, తన గురువు హెరాల్డ్ యూరీ దగ్గర, ఒక గాజు గోళంలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి విద్యుత్ మెరుపులు పుట్టించాడు. వారం తిరిగేసరికి నీరు ఎరుపెక్కింది. అందులో అమైనో ఆమ్లాలు ఉన్నాయి. ప్రోటీన్లకు అవే ఇటుకలు.

1961లో న్యూయార్క్‌లో బార్తొలొమ్యూ నాగీ, ఇద్దరు సహచరులతో కలిసి, ఓర్గేయ్ రాతిలోని హైడ్రోకార్బన్లు భూమి మీది ప్రాణుల హైడ్రోకార్బన్లలాగే ఉన్నాయని చెప్పాడు. ఆ నవంబరులో ఆయనే జార్జి క్లాస్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్తతో కలిసి మరో అడుగు వేశాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే రాతి పొడిలో గుండ్రంగా, పద్ధతిగా ఉన్న రూపాలు కనిపించాయనీ, అవి శిలాజాలు కావచ్చనీ ప్రకటించాడు. పత్రికల్లో కలకలం రేగింది.

షికాగో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఆండర్స్, ఫ్రాంక్ ఫిచ్ అవే పొడులను మళ్లీ చూశారు. ముఖ్యమైనదిగా చెప్పిన ఒక రూపం రాగ్‌వీడ్ పుప్పొడి అని తేలింది. మన పొలంగట్ల మీద, రోడ్ల పక్కన విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామకు అది దగ్గరి చుట్టం. రంగు పట్టించేటప్పుడు ఆకారం చెడితే ఏదో వింత జీవిలా కనిపిస్తుంది. మిగిలిన వాటిలో చాలావాటికి ఖనిజ రేణువులూ, గాలిలోని దుమ్మూ కారణమయ్యాయి.

ఆ తగువు నడుస్తుండగానే మోంటోబాన్ జాడీ వాళ్ల చేతికి వచ్చింది. 1864లో సీలు వేసిన జాడీ కాబట్టి అందులోది శుద్ధమైన రాయి అయి ఉండాలి. విప్పి చూస్తే రాతి లోపల మొక్కల ముక్కలూ గింజలూ ఉన్నాయి. చూపు తిప్పుకోలేనంత స్పష్టంగా ఉన్నాయి. ఆ గింజలేమిటని ఆరా తీస్తే, అవి జంకస్ అనే తుంగలాంటి మొక్కవి. ఆ మొక్క దక్షిణ ఫ్రాన్సు చిత్తడి నేలల్లో పెరుగుతుంది. వాటితోపాటు బొగ్గు నలుసులూ ఉన్నాయి. రాతి పైపొరలా కనిపిస్తున్నది నిజమైన పైపొర కాదు. జంతు చర్మాల నుంచి తీసే జిగురుతో ఎవరో అతికించిన తొడుగు.

అంటే ఎవరో కావాలనే చేశారు. మెత్తటి రాతిని నీటితో తడిపి, గింజలూ బొగ్గూ లోపలికి కూరి, మళ్లీ ముద్ద చేసి, జిగురు పూశారు. అదీ రాయి పడ్డ కొద్ది కాలానికే. ఆ ఏడాది ఏప్రిల్ 7న సోర్బోన్‌లో లూయీ పాశ్చర్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ప్రాణం దానంతట అదే పుట్టదని నిండు సభలో నిరూపించి చూపాడు. రాళ్లు పడింది అయిదు వారాలకు. ఆకాశపు రాతిలో గింజలు కనిపిస్తే ఆ వాదంలో ఎంత దుమారం రేగేదో ఊహించుకోవచ్చు. కానీ ఎవరూ జాడీ విప్పలేదు. పాచిక వేసినవాడి పేరు తెలియకుండానే, పారకుండానే, పాచిక మాత్రం జాడీలో తొంభై ఎనిమిదేళ్లు నిలిచిపోయింది. 1964 నవంబరులో ఆండర్స్ బృందం ఈ సంగతంతా ప్రచురించింది.

బొటనవేలి సాక్ష్యం

జాడీలో గింజలు పెట్టింది ఎవరో కొంటెవాడు. కానీ కొంటెతనం అక్కర్లేకుండా జరిగే పొరపాటు ఇంకా ప్రమాదం. 1960ల తొలి ఏళ్లలో కొందరు ఉల్కాశిలల్లో అమైనో ఆమ్లాలు దొరికాయని రాశారు. వాటిలో సెరీన్ అన్నది ఎక్కువగా కనిపించేది. 1965లో హ్యూస్టన్‌లో జోన్ ఓరో ఒక చిన్న ప్రయోగం చేశాడు. ఆయన స్పెయిన్‌లోని లేయిదాలో ఒక రొట్టెల బట్టీ యజమాని కొడుకు. చిన్నప్పుడు ఆ బట్టీలో పనిచేసినవాడు. 1960లో హైడ్రోజన్ సయనైడ్ నుంచి డీఎన్‌ఏలో ఉండే అడెనీన్‌ను తయారుచేసి అప్పటికే పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు మనుషుల వేళ్ల మీద ఉండే అమైనో ఆమ్లాలు కొలిచాడు. అదే ఏడాది మరో పరిశోధకుడు హామిల్టన్ చేతుల మీది అమైనో ఆమ్లాలను లెక్కపెట్టాడు. ఇద్దరి లెక్కా ఒకటే చెప్పింది. వేలు ఒక్కసారి తగిలితే చాలు, చెమటలోని సెరీన్, గ్లైసీన్ వగైరా అంటుకుంటాయి. ఉల్కాశిలల్లో దొరికాయని చెప్పిన పట్టిక, మనిషి బొటనవేలి పట్టిక ఒకేలా ఉన్నాయి.

వంటింట్లో మడి కట్టుకుని, ఎవరినీ తాకకుండా వండే పెద్దవాళ్లను చూసినవారికి తర్వాత ప్రయోగశాలల్లో వచ్చిన మార్పు సులువుగా అర్థమవుతుంది. గాజు సామాను కొలిమిలో కాల్చి వాడాలి. నీటిని మళ్లీ మళ్లీ స్వేదనం చేయాలి. రాతి పగుళ్లలోంచి కాక లోపలి భాగం నుంచి ముక్క తీయాలి. పక్కనే రాయి లేకుండా అదే పని మొత్తం ఇంకోసారి చేసి, ఆ ఖాళీ ప్రయోగంలో ఏం వస్తుందో చూడాలి. ఈ పద్ధతులన్నీ స్థిరపడుతున్న వేళ, చంద్రుడి మట్టి కోసం అమెరికాలో ప్రయోగశాలలు సిద్ధమై ఉన్న వేళ, ఒక కొత్త రాయి దొరికింది.

మర్చిసన్ ఉదయం

1969 సెప్టెంబరు 28, ఆదివారం. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌కు ఉత్తరంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న మర్చిసన్ ఊరి మీద పగలు పదకొండు కావస్తుండగా అగ్గిబంతి విరిగి ముక్కలైంది. ఒక ముక్క గడ్డివామి పాక కప్పు చీల్చుకుని గడ్డిలో పడింది. ఊరివాళ్లు ఏరినదంతా కలిపితే 100 కిలోలకు పైనే. రాళ్ల నుంచి స్పిరిట్ వాసన వేసిందని చూసినవాళ్లు చెప్పారు.

రెండు నెలల కిందటే మనుషులు చంద్రుడి మీద దిగారు. ఆ మట్టిలో సేంద్రియ అణువుల జాడలు కొలవడానికి కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో పరికరాలు, పద్ధతులు తయారై ఉన్నాయి. చంద్రుడి మట్టిలో చెప్పుకోదగ్గదేమీ దొరకలేదు. అదే పరికరాల ముందుకు మర్చిసన్ రాయి వచ్చింది. అక్కడి విభాగానికి అధిపతి సిరిల్ పొన్నంపెరుమ, శ్రీలంకలోని గాలె పట్టణంలో పుట్టినవాడు. 1948లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి తత్వశాస్త్రంలో పట్టా తీసుకుని, ఆ తర్వాత లండన్ వెళ్లి రసాయన శాస్త్రం చదివాడు. తత్వశాస్త్రంలో అడిగిన ప్రశ్నకు పరీక్షనాళికలో జవాబు వెతకడమే ఆయన జీవితమైంది.

కీత్ క్వెన్‌వోల్డెన్ ముందుండి నడిపిన ఆ బృందం, 1970 డిసెంబరులో ఫలితం ప్రచురించింది. రాతి లోపల గ్లైసీన్, అలనీన్, వాలీన్, ప్రోలీన్, గ్లుటామిక్ ఆమ్లం ఉన్నాయి. ఇవి మన శరీరంలోనూ ఉండేవే. మరి ఇవి చేతి నుంచి అంటుకున్నవి కావని ఎలా చెప్పాలి? మూడు సాక్ష్యాలు చూపారు.

మొదటిది చేతివాటం. చాలా అమైనో ఆమ్లాలకు ఎడమ చేయి, కుడి చేయిలా అద్దంలో బింబాల్లాంటి రెండు రూపాలుంటాయి. భూమి మీది ప్రాణులు తమ ప్రోటీన్లలో ఎడమ రూపాన్నే వాడతాయి. బొటనవేలి నుంచి అంటుకుంటే ఎడమవే ఉండాలి. మర్చిసన్‌లో రెండూ దాదాపు సమానంగా ఉన్నాయి. రెండోది, ప్రోటీన్లలో కనిపించని రకాలు కూడా ఉన్నాయి. మూడోది బరువు. ఈ రాతి సేంద్రియ పదార్థంలో కర్బనం-13 అనే బరువైన ఐసోటోపు భూమి మీది ప్రాణుల్లో కంటే ఎక్కువగా ఉంది.

నూట అరవై నాలుగేళ్ల కింద అలేస్ రాయి దగ్గర మొదలైన తగువు ఇక్కడ తెగింది. ఆకాశపు రాళ్లలో సేంద్రియ పదార్థం ఉంది. అది నిజంగా ఆకాశానిదే. దాని వెనక అడవులూ లేవు, జీవులూ లేవు.

అక్కడి నుంచి పట్టిక పెరుగుతూ పోయింది. ఇప్పటికి మర్చిసన్‌లో 70కి పైగా అమైనో ఆమ్లాలు దొరికాయి. మన శరీరం ప్రోటీన్లకు వాడుకునేది 20 మాత్రమే. 2008లో ఆర్‌ఎన్‌ఏలో ఉండే యురాసిల్ ఆకాశానిదేనని ఐసోటోపుల సాక్ష్యంతో నిరూపించారు. 2010లో ఒక జర్మన్ బృందం, ఏ అణువు కోసమూ ప్రత్యేకంగా వెతకకుండా ఉన్నవన్నీ తూచి చూస్తే, 14,000కు పైగా రసాయన కూర్పులు లెక్క తేలాయి.

పుట్టింది ఎక్కడ

ఇన్ని వేల అణువులను ఎవరు వండారు? ఆ పట్టికలోనే జవాబు దొరుకుతుంది. ప్రాణి తనకు కావలసిన ఆకారాన్నే ఎంచుకుని తయారుచేస్తుంది. మర్చిసన్‌లో అలాంటి ఎంపిక లేదు. నాలుగు కర్బనాల అమైనో ఆమ్లం తీసుకుంటే, ఆ పరమాణువులను ఎన్ని రకాలుగా అతకవచ్చో అన్ని రకాలూ ఉన్నాయి. కర్బనాల గొలుసు పొడుగయ్యే కొద్దీ మోతాదు క్రమంగా తగ్గిపోతుంది. ఒక్కో పరమాణువు యాదృచ్ఛికంగా వచ్చి తగులుకుంటే వచ్చే లెక్క ఇది.

మొదటి వంటిల్లు నక్షత్రాల మధ్య ఉంది. మర్చిసన్ పడిన 1969లోనే, మార్చి నెలలో, రేడియో దుర్భిణులతో నక్షత్రాల మధ్యనున్న మేఘాల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్నట్టు కనిపెట్టారు. ఆ మేఘాల్లో చలి సున్నాకు 260 డిగ్రీల దిగువన ఉంటుంది. దుమ్ము రేణువుల మీద నీరు, అమ్మోనియా, మిథనాల్ మంచుపొరగా పేరుకుంటాయి. వాటి మీద అతినీలలోహిత కిరణాలు పడితే బంధాలు తెగి కొత్తవి ముడిపడతాయి. 2002లో నాసా ఏమ్స్‌లో ఒక బృందం, ఐరోపాలో ఇంకో బృందం అలాంటి మంచును ప్రయోగశాలలో చేసి కిరణాలు ప్రసరింపజేస్తే అమైనో ఆమ్లాలు వచ్చాయి. ఉల్కాశిలల అణువుల్లో డ్యూటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. అంత చలిలో జరిగే రసాయన చర్యలు వదిలే గుర్తు అది.

రెండో వంటిల్లు గ్రహశకలం లోపల. 456 కోట్ల ఏళ్ల కింద సౌరకుటుంబం పుడుతున్నప్పుడు దుమ్మూ మంచూ కలిసి చిన్న గోళాలయ్యాయి. వాటిలో అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక లోహం ఉంది. దాని సగం ఆయుష్షు ఏడు లక్షల ఏళ్లే. అది తరిగిపోతూ ఇచ్చిన వేడికి లోపలి మంచు కరిగింది. గోరువెచ్చని నీటిలో ఆల్డిహైడ్లు, అమ్మోనియా, హైడ్రోజన్ సయనైడ్ కలిశాయి. ఈ మూడింటి నుంచి అలనీన్ తయారుచేసే పద్ధతిని 1850లో అడాల్ఫ్ స్ట్రెకర్ కనిపెట్టాడు. ఆయన గాజు పాత్రలో చేసింది గ్రహశకలం నూతుల్లో ఎప్పుడో జరిగిపోయింది. మర్చిసన్‌లో అమైనో ఆమ్లాలకు జోడుగా హైడ్రాక్సీ ఆమ్లాలు ఉండటం ఈ దారికి సాక్ష్యం. స్ట్రెకర్ చర్యలో అవి రెండూ తోబుట్టువుల్లా పుడతాయి.

అయితే ఒక చిక్కు మిగిలింది. 1997లో జాన్ క్రోనిన్, సాండ్రా పిజరెల్లో మర్చిసన్‌లోని కొన్ని అమైనో ఆమ్లాల్లో ఎడమ రూపం 2 నుంచి 9 శాతం ఎక్కువగా ఉందని ప్రకటించారు. వాళ్లు కావాలనే ప్రాణుల్లో కనిపించని రకాలను ఎంచుకున్నారు, బొటనవేలి అనుమానం రాకూడదని. ప్రాణం ఎడమ వైపుకు ఎందుకు మొగ్గిందో చెప్పే తొలి కారణం ఆకాశంలోనే ఉందేమోనన్న ఆశ అక్కడి నుంచి మొదలైంది.

హైదరాబాద్ బెలూను

చేతి మరక భయం రాళ్లకే పరిమితం కాలేదు. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ బెలూన్ ఫెసిలిటీ నుంచి ఒక పెద్ద బెలూను లేచింది. టాటా ఇన్‌స్టిట్యూట్ నడిపే కేంద్రం అది. అంత ఎత్తున సూక్ష్మజీవులున్నాయా, ఉంటే అవి ఎక్కడివి అన్నది ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ వంటివారు అడుగుతున్న ప్రశ్న. బెలూను మోసుకెళ్లిన స్టీలు గొట్టాలు పదహారు. వాటిని క్రిమిరహితం చేసి, గాలి తీసేసి, ద్రవ నియాన్‌లో ముంచి పంపారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో వేర్వేరు గొట్టాల్లో గాలి పట్టారు. ఒక గొట్టాన్ని మాత్రం తెరవకుండా అలాగే దించారు. మోంటోబాన్ జాడీ నేర్పిన పాఠమే ఆ ఖాళీ గొట్టం.

హైదరాబాద్‌లోని సీసీఎంబీలో, పుణెలోని మరో సంస్థలో నమూనాలను విడివిడిగా పరీక్షించారు. 12 బాక్టీరియా, 6 శిలీంధ్రాల కాలనీలు పెరిగాయి. వాటిలో మూడు బాక్టీరియాలు అంతకుముందు తెలియనివి. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్ట పేరు, మరొకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. అయినా 2009లో ఇస్రో ప్రకటన సాక్ష్యాన్ని దాటి ఒక్క అంగుళం కూడా ముందుకు జరగలేదు. అవి భూమికి అవతలి నుంచి వచ్చాయని ఈ ఫలితం రుజువు చేయడం లేదని స్పష్టంగా చెప్పింది. 1834లో బెర్జీలియస్ చూపిన నిలకడ అది.

చేయి పెట్టకుండా

2000 జనవరి 18న కెనడా వాయవ్య ప్రాంతంలో గడ్డకట్టిన టాగిష్ సరస్సు మీద ఉల్కాశిల ముక్కలు పడ్డాయి. అక్కడి నివాసి జిమ్ బ్రూక్ వారం తర్వాత వాటిని చూశాడు. వట్టి చేత్తో ముట్టుకోలేదు. ప్లాస్టిక్ సంచులు అడ్డం పెట్టుకుని ఏరి, మంచు కరగకుండా తెచ్చి భద్రపరిచాడు. 2017 జూన్ 6 తెల్లవారుజామున జైపూర్ దగ్గర ముకుంద్‌పురా పొలంలో పడ్డ రాయి మర్చిసన్ కోవదే. సుమారు 2 కిలోల ఆ రాయి పొలంలో చిన్న గుంట చేసి పగిలింది. ఎంత త్వరగా ఏరినా నేల తగలక తప్పదు. గాలి తగలక తప్పదు.

నేల తగలకూడదంటే రాయి దగ్గరికే వెళ్లాలి. 2014 డిసెంబరులో జపాన్ హయబుసా-2 నౌకను ర్యుగూ అనే గ్రహశకలానికి పంపింది. ర్యుగూ అంటే జపాన్ జానపద కథలో సముద్రం అడుగున ఉండే నాగరాజు భవనం. ఆ కథలో జాలరి అక్కడి నుంచి ఒక పెట్టె తెచ్చుకుంటాడు. 2020 డిసెంబరు 6న ఆస్ట్రేలియా ఎడారిలో దిగిన పెట్టెలో 5.4 గ్రాముల మట్టి ఉంది. అందులో అమైనో ఆమ్లాలు దొరికాయి, ఎడమ కుడి సమానంగా. యురాసిల్ దొరికింది. ఆ మట్టిలోని బెంజీన్ ఉంగరాల అణువుల్లో కొన్ని అతి చలి మేఘాల్లోనే పుట్టాయని ఐసోటోపులు చెప్పాయి.

ఇంకో సంగతి. కూర్పులో ర్యుగూ మట్టి పోలింది ఓర్గేయ్ రాయినే. కానీ ఓర్గేయ్ రాతిలో తెల్లటి సల్ఫేటు చారలుంటాయి, ర్యుగూలో లేవు. ఓర్గేయ్ ఖనిజాల పొరల్లో నీరుంటుంది, ర్యుగూలో లేదు. ఆ చారలూ ఆ నీరూ మ్యూజియం గాలి చేసిన పని. ఎవరూ గింజలు కూరకపోయినా, వేలు పెట్టకపోయినా, నూట యాభై ఏళ్ల గాలి తన చేయి తాను పెట్టింది.

ఇంత జాగ్రత్తలోనూ తప్పు దొర్లింది. ర్యుగూ నుంచి బ్రిటన్‌కు వెళ్లిన ఒక రేణువు మీద దారపు పోగుల్లా సూక్ష్మజీవులు కనిపించాయని 2024లో ఒక బృందం రాసింది. వాటి సంఖ్య మొదట పెరిగి, తర్వాత తగ్గింది. భూమి మీదికి వచ్చి రేణువును గాలికి తెరిచాక పట్టుకున్న ప్రాణులవి. ఆకాశం నుంచి వచ్చినవి కావు. ఆ బృందం దాచకుండా ప్రచురించింది. 1961లో నాగీ తగువు చదివి పెరిగిన తరం అది.

అమెరికా నౌక ఓసిరిస్-రెక్స్ బెన్నూ గ్రహశకలం నుంచి తెచ్చిన 121.6 గ్రాముల మట్టి 2023 సెప్టెంబరు 24న యూటా ఎడారిలో దిగింది. నౌక కట్టేటప్పుడే ఏ వస్తువు ఎక్కడ వాడాలో పట్టిక పెట్టుకున్నారు. నైలాను నిషేధం. నైలాను విడిపోతే అమైనో ఆమ్లంలాంటి పదార్థం వస్తుంది. అది నమూనాలో కలిస్తే ఎక్కడిదో తెలియకుండా పోతుంది. హ్యూస్టన్‌లో నైట్రోజన్ నిండిన గాజు అరలో, గ్లవుజుల్లోంచి చేతులు పెట్టి పెట్టె విప్పుతుంటే 35 మరల్లో రెండు రాలేదు. బలవంతం చేయలేదు. ప్రత్యేకంగా పనిముట్లు తయారుచేయించి 2024 జనవరిలో విప్పారు. దాదాపు మూడు నెలలు ఆగారు, రెండు మరల కోసం.

2025 జనవరిలో ఫలితాలు వచ్చాయి. ప్రోటీన్లకు కావలసిన 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నాయి. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు కావలసిన అయిదు క్షారాలూ ఉన్నాయి. అమ్మోనియా పుష్కలంగా ఉంది. ఉప్పునీటి మడుగు ఇంకిపోతే మిగిలే లవణాలు ఉన్నాయి, అంటే బెన్నూ పుట్టిన గోళంలో ఒకప్పుడు నీరు నిలిచి ఇగిరిపోయింది. 2025 చివర్లో రైబోజ్, గ్లూకోజ్ చక్కెరలు కూడా కనిపించాయి. అమైనో ఆమ్లాల్లో ఎడమ, కుడి మాత్రం సమానం. క్రోనిన్, పిజరెల్లో చూపిన ఎడమ మొగ్గు బెన్నూలో లేదు. ప్రాణం ఎడమచేతి వాటం ఎక్కడ నేర్చుకుందన్న ప్రశ్న మళ్లీ తెరుచుకుంది.

ఆ ప్రశ్న తర్వాతి వాళ్లకు కూడా అందేలా ఒక ఏర్పాటు ఉంది. బెన్నూ మట్టిలో కనీసం 70 శాతాన్ని ఇప్పటివాళ్లు ముట్టుకోకుండా భవిష్యత్ శాస్త్రవేత్తల కోసం దాచిపెట్టారు. ఇంకా తయారుకాని పరికరాలతో, ఇంకా పుట్టని వాళ్లు దాన్ని పరీక్షిస్తారు. హ్యూస్టన్‌లో ఆ డబ్బాలు మూత బిగించి ఉన్నాయి. ఏ డబ్బాలో ఏముందో, ఎవరు ఎప్పుడు ఏ పనిముట్టుతో తాకారో, ఆ గదిలో ఆ పూట ఏ గాలి ఉందో ప్రతిదానికీ లెక్క రాసి పెట్టారు. మోంటోబాన్ జాడీకి అలాంటి చీటీ ఒక్కటి ఉండి ఉంటే, 1864లో ఆ జిగురు పూసింది ఎవరో కూడా తెలిసేది.